ముసల్ది మొరాయించిన నెల

3, సోమవారం

కాదు, బెల్టు నా వల్ల తెగలేదు. నేను సీటెక్కి పావుగంట కూడా కాలేదు. దానికి ముందు నుంచే పగుళ్ళున్నాయి. ఎవరూ అడగలేదు గానీ చెప్తున్నా.

ఇది నా నంబరుకి నేనే పంపుకుంటున్నా. చెల్లి నేర్పింది. అది పాటలు, హోంవర్కు ఫోటోలు ఇలాగే దాచుకుంటుందంట. ఎవరూ చూడరు అంది. నాకు మాట్లాడ్డం కంటే టైపు చెయ్యడం నయం. నోరు తెరిస్తే సగం మాట లోపలే ఉండిపోతుంది.

నాన్న కాలు విరిగింది. మెట్ల మీంచి జారి పడ్డాడు. కట్టు ఇంకో మూడు వారాలు ఉంచాలంట. అందాకా స్కూల్ గ్రౌండ్‌లో గడ్డి కోసే మిషన్ నేను నడపాలి. పెద్ద గ్రౌండ్. అటు చివర గట్టు. ఇరవయ్యో తారీఖు ఆటల పోటీలు. అప్పటికి మొత్తం కోసి ఉండాలి, లేకపోతే బయట కాంట్రాక్టు వాళ్ళు వాళ్ళ కొత్త మిషన్ తెస్తారు.

సూపర్‌వైజర్ అన్నాడు, "వాళ్ళు ఒకసారి వచ్చారంటే ఇక మీ నాన్నతో పనేముంటుందిరా." కోపంగా అనలేదు. టీ ఊదుకుంటూ అన్నాడు.

పదహారేళ్ళుగా ఆ సీటు నాన్నది. నాకు మొన్ననే పద్దెనిమిది నిండాయి. అంటే నాకు రెండేళ్ళప్పటి నుంచి నాన్న దాని మీదే ఉన్నాడు. మిషన్ని ముసల్ది అంటాడు. అమ్మ ముందు అలా అంటే అమ్మ, "ఎవర్ని?" అంటుంది.

4, మంగళవారం

దాని కింద రెండు బెల్టులుంటాయి. ఒకటి కత్తిని తిప్పుతుంది, ఇంకోటి చక్రాల్ని. తెగింది చక్రాలది. ఇంజన్ తిరుగుతుంది, కత్తి తిరుగుతుంది, బండి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. రంకెలేసే ఎద్దులాగ.

తెగిన బెల్టు సంచీలో వేసుకుని షాపుకెళ్ళా. మేం ఎప్పుడూ అంతే, పాతది పట్టుకెళ్తాం, దాని కొలతకి కొత్తది తెచ్చుకుంటాం. నాన్న అలాగే చేస్తాడు. ఏం కావాలో ముందే ఫోన్లో టైపు చేసుకుని షాపాయనకి చూపించా.

"మాటలు రావా బాబూ?"

"వస్తాయి" అన్నా.

"ఏదీ, మళ్ళీ అను."

అనలేదు. ఆయన పాత బెల్టుని బల్ల మీద పరిచి టేపు పెట్టి కొలిచాడు. అదే పొడుగు ఇచ్చాడు.

5, బుధవారం

వేశా. చెయ్యి రెండు చోట్ల గీసుకుంది. అరగంట బాగా నడిచింది. గట్టు దగ్గరికొచ్చాక ఎక్కలేదు. కీచుమని అరుపు. ఎలాంటి అరుపంటే పలక మీద గోరుతో గీస్తే వచ్చేది, అది ఆగకుండా వస్తే అలాంటిది. ఆపి చల్లారనిస్తే మళ్ళీ కాసేపు నడిచింది.

ఆ చప్పుడు రికార్డు చేసి నాన్నకి పంపా. నాన్న ఫోన్ ఎత్తడు, మెసేజ్ పెట్టమంటాడు. మాట్లాడ్డం ఇష్టం ఉండదు. నాలాగే.

రెండు నిమిషాలకి జవాబు వచ్చింది. "బెల్టే. టైటు చెయ్యి."

చేశా.

7, శుక్రవారం

బెల్టు పుల్లీ మీంచి ఊడింది. ఎక్కించా. మళ్ళీ ఊడింది. ఎక్కించా. రబ్బరు కాలిన వాసన. గ్రౌండ్‌లో పదో వంతు కూడా కాలేదు.

రికార్డు పంపా. "బెల్టే. కొత్తది మంచిది కాదు. మార్చు" అని పెట్టాడు.

నాన్న అన్నాడంటే అంతే. పదహారేళ్ళు.

8, శనివారం

రెండో బెల్టు. షాపాయన నన్ను చూడగానే, "ఇదిగో మాటల మరాఠీ వచ్చాడు" అన్నాడు. ఆ మాటకి అర్థమేంటో నాకు తెలీదు, ఆయనక్కూడా తెలీదనుకుంటా. మొదటి బెల్టు కొలిచి అంతే పొడుగుది ఇచ్చాడు. ఈసారి మంచి కంపెనీది అన్నాడు.

వేస్తుంటే సూపర్‌వైజర్ వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఈ కీచు శబ్దం గురించి మీ నాన్నకి ఎండాకాలంలోనే చెప్పా. సరే సార్ అన్నాడు. ఏం చేశాడు?"

నాకు తెలీదన్నా. నాన్న చేసే ఉంటాడు. చేసింది మళ్ళీ పాడైపోయుంటుంది.

10, సోమవారం

అరుపు తగ్గలేదు. ఎనిమిదో తరగతి టీచర్ కిటికీలు మూసేసుకుంది. ఆ క్లాసులో ఒకడు అచ్చం దానిలాగే అరవడం నేర్చుకున్నాడంట, ఇప్పుడు అరిచింది మిషనో వాడో తెలీట్లేదని వాచ్‌మన్ వచ్చి మరీ చెప్పాడు. నవ్వా. ఆయనేమో, "నువ్వు నవ్వుతావా" అన్నాడు.

గట్టు అలాగే ఉంది.

శనివారం ఇంటికొచ్చాక నాన్న అడిగాడు, "ఏమైంది?" చేతులతో చూపించా, కదలట్లేదని. నాన్న నా మూతి వైపు చూస్తూ ఉంటాడు ఎప్పుడూ, నేను మాటలు మింగేస్తానని. "ముసల్దాని మీద చెయ్యి పెట్టి చూశావా?" అన్నాడు.

"ఎక్కడ?"

"పక్క మూత మీద. అరచెయ్యి పెడితే చెప్పేస్తుంది."

పెట్టా ఇవాళ పొద్దున్నే. నాకేం చెప్పలేదు. వణికింది. అది ఎప్పుడూ వణుకుతుంది.

11, మంగళవారం

కదల్లేదు. ఏం రాయాలని లేదు.

12, బుధవారం

రెండో బెల్టు కూడా నున్నగా అద్దంలాగ అయిపోయింది. మూడోది తెచ్చా. అదే పొడుగు.

కాంట్రాక్టు మనిషి వచ్చాడు. గ్రౌండ్ ఆ చివర నుంచి ఈ చివరకి అడుగులు వేసుకుంటూ లెక్కపెట్టాడు. బూట్లు బాగున్నాయి. వెళ్తూ ముసల్దాన్ని చూసి సూపర్‌వైజర్‌తో, "దీన్ని దాచుకోండి సార్, మ్యూజియం వాళ్ళు అడుగుతారు" అన్నాడు. సూపర్‌వైజర్ నవ్వలేదు. అందుకు ఆయనంటే కొంచెం ఇష్టం వచ్చింది.

"సోమవారం దాకా చూస్తా. నీ కోసం కాదు, మీ నాన్న కోసం" అన్నాడు నాతో.

నాన్నకి చెప్పలేదు. కట్టుతో మంచం మీద ఉన్న మనిషికి చెప్పి ఏం చేస్తాం.

13, గురువారం

ఇవాళ ఒకటి జరిగింది. వరసగా రాస్తా.

మూడో బెల్టు వేశాక పది నిమిషాలకే అరుపు మొదలైంది. రికార్డు చేసి నాన్నకి పంపా. "బెల్టే. ఇంకొంచెం లూజుంది" అని వచ్చింది. టైటు చేద్దామని కూర్చున్నా. చెయ్యి తుడుచుకుని, నేను పంపింది నేనే ఒకసారి విందామని నొక్కా.

అందులో మిషన్ లేదు.

చెల్లి మొన్న నా ఫోన్లో ప్లాస్టిక్ విజిల్ ఊదుకుని రికార్డు చేసుకుంది, స్కూల్లో మార్చింగ్ కోసం. అది వెళ్ళిపోయింది. పీ పీ పీ, మధ్యలో చెల్లి నవ్వు, "అమ్మా వీడు చూడు" అనడం. ఇరవై రెండు సెకండ్లు. నాన్న అది విని బెల్టు లూజుంది అన్నాడు.

14, శుక్రవారం

నాన్న ఫోన్ పాతది. స్పీకర్లో దుమ్ముంటుంది. అదయ్యుంటుంది.

లేదా అసలు విని ఉండడు. కాలు నొప్పిలో వినకుండానే జవాబు పెట్టేసుంటాడు.

లేదా సరదాకి అన్నాడేమో. నాన్న సరదాగా ఏం అనడు గానీ.

15, శనివారం

పొద్దున నాన్న కుర్చీలో కూర్చుని పేపర్ చదువుతున్నాడు, కిటికీ వైపు తిరిగి. నేను వెనక నిలబడ్డా. ముసల్దాని అసలు రికార్డు పెట్టి సౌండ్ మొత్తం పెంచా.

పక్క గదిలోంచి చెల్లి, "ఒరేయ్ ఆపు, పళ్ళు జివ్వుమంటున్నాయి" అని అరిచింది.

వంటింట్లోంచి అమ్మ, "ఆ కుక్కర్ మూత ఎవరు గీకుతున్నారు?"

నాన్న పేజీ తిప్పాడు.

ఇంకా దగ్గరికి పెట్టా. మెడకి జానెడు దూరంలో. నాన్న మెడ మీద చిన్న మచ్చ ఉంది, ఎప్పుడూ చూళ్ళేదు. నాన్న వేలు తడి చేసుకుని ఇంకో పేజీ తిప్పాడు.

అప్పుడు అమ్మ వచ్చి నన్ను చూసి, "ఆయన్నెందుకురా విసిగిస్తావ్, మీ నాన్నకి మనం చెప్పేది ఎప్పుడు వినపడింది గనక" అంది. ఈ మాట అమ్మ రోజూ అంటుంది. మేం రోజూ నవ్వుతాం. నేను ఇవాళ కూడా నవ్వా, అలవాటుగా.

తర్వాత పెరట్లో కూర్చుని ఒక్కొక్కటీ లెక్క చూసుకున్నా. ఫోన్ ఎత్తకపోవడం. టీవీ అంత సౌండ్ పెట్టడం. మూతి వైపు చూడ్డం. నాన్న నాలాగే మాటలు తక్కువ మనిషి అనుకున్నా ఇన్నాళ్ళూ. చిన్నప్పటి నుంచీ ఎవరైనా నన్ను మూగోడా అంటే, మా నాన్న కూడా అంతే అని లోపల అనుకునేవాణ్ణి. నాలాగ కాదు.

ఎండాకాలంలో సూపర్‌వైజర్ చెప్తే సరే సార్ అన్నాడంటే, ఏం చెప్పాడో వినపడక అన్నాడు. ముసల్ది అప్పట్నుంచీ నాన్న కిందే కూర్చుని అరుస్తోంది.

ఇది సూపర్‌వైజర్‌కి తెలిస్తే సీటు ఉండదు. పిల్లలు తిరిగే చోట చెవులు లేని మనిషిని కత్తి మీద ఎవరు కూర్చోబెడతారు. ఇంక కాంట్రాక్టు వాడు రానక్కర్లేదు.

16, ఆదివారం

స్కూల్ సెలవు. వాచ్‌మన్ గేటు తీశాడు. నాన్నకి ఏదీ పంపలేదు.

బెల్టు మొత్తం తీసేశా. తీసేసి ఒక్కో పుల్లీని వేలితో తిప్పా. ఇంజన్ దగ్గరిది సరిగ్గా తిరిగింది. వెనక చక్రాల దగ్గరిదీ తిరిగింది. మధ్యలో ఇంకో చిన్నది ఉంటుంది, స్ప్రింగు లాగితే అది బెల్టుని నొక్కి పట్టుకుంటుంది. అది తిరగలేదు. గట్టిగా తిప్పితే లోపల ఇసుక నమిలినట్టు గరగర. అంచు నీలం రంగుకి తిరిగి ఉంది, కాలి. దాని లోపల బేరింగ్ పట్టేసింది.

అంటే బెల్టు పరిగెడుతుంటే ఇది మాత్రం మొండిగా నిలబడి రాసుకుంటోంది. ఆ రాపిడే అరుపు. ఆ వేడికే బెల్టు సాగి, జారి, ఊడిపోతోంది. నేను టైటు చేసినకొద్దీ ఇంకా రాసుకుంది. పదమూడు రోజులు నేను చేసింది అదన్నమాట.

వాచ్‌మన్ పక్కన కూర్చుని అంతా చూశాడు. "దొరికిందా?" అన్నాడు.

"దొరికింది."

"మీ నాన్న చెప్పాడా?"

"ఆ" అన్నా.

17, సోమవారం

షాపు తెరవక ముందే వెళ్ళి మెట్ల మీద కూర్చున్నా. ఆయన షట్టర్ ఎత్తుతూ, "నాలుగో బెల్టా? నాయనా, నువ్వు వాటిని తింటున్నావా?" అన్నాడు.

పుల్లీ చేతిలో పెట్టా. తిప్పి చూసి నవ్వడం మానేశాడు. బేరింగ్ కొట్టి తీసి కొత్తది ఎక్కించాడు. నేను టైపు చెయ్యకుండా నోటితోనే అడిగా. "బెల్టు కూడా. కానీ పాతదాని కొలతకి వద్దు."

"ఎందుకొద్దు?"

"పాతది సాగింది కదా. సాగినదాని కొలతకి ఇస్తే కొత్తది కూడా సాగినట్టే."

"మరి ఇన్నిసార్లు నన్ను కొలవనిచ్చావేం?" అన్నాడు. తర్వాత తనే, "నేనెందుకు కొలిచానో అది కూడా అడగాలిలే" అన్నాడు. సీటు కింద రేకు మీద నంబరుంటుంది, నిన్న మసి తుడిచి ఫోటో తీసుకున్నా. ఆ నంబరు చూసి బెల్టు ఇచ్చాడు. రెండంగుళాలు పొట్టిది.

పదింటికి బిగించా. స్టార్ట్ చేశా. అరుపు లేదు. గట్టు ఎక్కింది. దిగింది. మళ్ళీ ఎక్కించా, అవసరం లేకపోయినా. సూపర్‌వైజర్ వరండాలోంచి చూసి లోపలికెళ్ళిపోయాడు.

ఎనిమిదో తరగతి కిటికీలు తెరిచారు.

19, బుధవారం

అయిపోయింది. గ్రౌండ్ మొత్తం.

20, గురువారం

పోటీలు. చెల్లి స్కూల్ కాదు గానీ చూడ్డానికొచ్చింది. గడ్డి మీద కూర్చుని, "నువ్వేనా కోసింది, వంకరగా ఉంది" అంది. వంకరగా లేదు.

21, శుక్రవారం

నాన్న అడిగాడు, ఏంటి చివరికి తేలింది అని. ఎదురుగా కూర్చుని మూతి కనపడేలా చెప్పా. "నువ్వన్నట్టే. బెల్టే."

"చెప్పానా" అన్నాడు. అమ్మ వైపు తిరిగి, "మంచం మీంచే చెప్పా" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఇంకో ముద్ద అన్నం వేయించుకున్నాడు.

అబద్ధం చెప్పడం నాకు ఇంత తేలికని తెలీదు.

24, సోమవారం

కట్టు తీసేశారు. కాలు సన్నగా అయింది, వేరే వాళ్ళ కాలులాగ. రేపట్నుంచే వస్తానన్నాడు. నన్ను కూడా తోడు రమ్మన్నాడు రెండు వారాలు, బరువులెత్తడానికి.

బాగానే ఉంటుంది. పదహారేళ్ళు బాగానే ఉంది కదా.

25, మంగళవారం

బాగా లేదు.

ఇంటర్వెల్ బెల్లు కొట్టారు. నాన్న గట్టు కింద బండిని వెనక్కి తీస్తున్నాడు, కత్తి తిరుగుతోంది. ఒక చిన్న పిల్లాడు బంతి కోసం సరిగ్గా దాని వెనక్కి పరిగెత్తాడు. వంగున్నాడు. నాన్న ముందుకు చూస్తూ వెనక్కి వస్తున్నాడు.

నేను అరిచా. అంత గట్టిగా అరవగలనని నాకు తెలీదు. వరండాలో టీచర్లు తిరిగి చూశారు. పిల్లాడు కూడా చూశాడు, కానీ భయపడి కదలకుండా నిలబడిపోయాడు. నాన్న ఒక్కడే చూళ్ళేదు. పరిగెత్తి తాళం తిప్పేశా. ఇంజన్ ఆగింది. పిల్లాడికీ వెనక చక్రానికీ మధ్య నా చెప్పు పొడుగంత ఉంది.

నాన్న వెనక్కి తిరిగాడు. పిల్లాణ్ణి చూశాడు. మొహం తెల్లబడింది.

"చూశాలే" అన్నాడు. "ఆపుతూనే ఉన్నా."

పిల్లాడు బంతి తీసుకుని వెళ్ళిపోయాడు. వాడికేం పట్టలేదు.

26, బుధవారం

సాయంత్రం నాన్న ముందు గదిలో, నేను వెనక గదిలో. మధ్య తలుపు తెరిచే ఉంది. మెసేజ్ పెట్టా. ఇక్కడ మళ్ళీ కొడుతున్నా, నాన్న ఆ ఫోన్లో చెరిపేసినా ఇక్కడుంటుంది.

నేను: నాన్నా నీకు ఎప్పట్నుంచి వినపడట్లేదు

నాన్న: ఏంటి

నేను: నిన్న పిల్లాడు

నాన్న: చూశానని చెప్పా కదా

నేను: చూళ్ళేదు

టైప్ చేస్తున్నట్టు చూపిస్తుంది, ఆగిపోతుంది. తలుపులోంచి నాన్న వీపు కనపడుతోంది. కదల్లేదు.

నాన్న: రెండేళ్ళు. ముందు సన్నటి శబ్దాలు పోయాయి. ఇప్పుడు ఇంజన్ తిరుగుతుంటే ఇంకేం వినపడదు

నాన్న: చేత్తో తెలుసుకుంటున్నా. సీట్లో కూర్చుంటే తెలుస్తుంది దానికేమైందో. ఫోన్లో తెలీదు

నాన్న: అమ్మకి చెప్పకు

నేను: అమ్మకి తెలుసేమో

నాన్న: తెలీదు. తన మాట నేను లెక్కచెయ్యననుకుంటోంది. అలాగే అనుకోనీ



నాన్న: బెల్టు కాదు కదా అప్పుడు

నేను: బేరింగ్

నాన్న: ఎప్పట్నుంచి అరుస్తోంది

నేను: ఎండాకాలం నుంచంట

నాన్న: పాపం ముసల్ది

తర్వాత లేచి మొహం కడుక్కున్నాడు. అమ్మ భోజనానికి పిలిచింది. మూడోసారికి వచ్చాడు. "నేనంటే ఈ ఇంట్లో అంత లోకువ" అంది అమ్మ. నాన్న కూర బాగుందన్నాడు.

27, గురువారం

సగం గ్రౌండ్ అయ్యాక నాన్న సీట్లోంచి దిగాడు. "నువ్వు నడుపు. నేను ముందు నడిచి రాళ్ళు ఏరతా. పిల్లలొస్తే నేను ఆపుతా" అన్నాడు.

ఎక్కా. నాన్న కుంటుతూ ముందు నడిచాడు. రాయి కనపడితే వంగి తీసి గట్టు మీదకి విసిరాడు. ఇద్దరు పిల్లలు అడ్డమొస్తే చెయ్యెత్తి ఆపాడు. నేను వెనక కత్తి తిప్పుకుంటూ వస్తున్నా. నేనెంత దగ్గరున్నానో నాన్నకి తెలిసే దారి లేదు. ఒక్కసారైనా వెనక్కి చూస్తాడేమో అని చూశా. చూళ్ళేదు.

పది గజాలు దూరం ఉంచా. ఆగితే ఆగా. రోజూ గంటలో అయ్యే ముక్క ఇవాళ రెండు గంటలు పట్టింది.

28, శుక్రవారం

సూపర్‌వైజర్ పిలిచాడు. మంగళవారం నా అరుపు ఒక టీచర్ విని పైన చెప్పిందంట. పిల్లాడి సంగతి కాదు, అసలు మిషన్ దగ్గర ఎవరుంటున్నారో రాసి ఉండాలి కదా అంది. కొత్త కాగితం వచ్చింది. రెండు గళ్ళు. డ్రైవర్, హెల్పర్. డ్రైవర్ అని పేరు రాసిన మనిషికి సోమవారం డాక్టరు కళ్ళూ చెవులూ చూస్తాడు. పాసయితే సీటు ఖాయం. హెల్పర్‌కి ఏ పరీక్షా లేదు. ఏ ఖాయమూ లేదు.

"రేపు రాసిచ్చెయ్యండి" అన్నాడు నాతో. "పెద్దగా ఆలోచించేదేముంది, మీ నాన్న పేరే కదా."

కాగితం ఇంటికి తెచ్చా. మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నా. నాన్న పేరు రాస్తే సోమవారం డాక్టరు ముందు అందరికీ తెలుస్తుంది. నా పేరు రాస్తే నేను లాక్కున్నట్టుంటుంది. తండ్రి కాలు విరిగిందని మూడు వారాలు సీట్లో కూర్చోబెడితే కొడుకు ఇంక లేవలేదు అంటారు.

నాన్నకి కాగితం ఫోటో తీసి మెసేజ్ పెట్టా. చూశాడు.

29, శనివారం

షెడ్డులో సూపర్‌వైజర్, వాచ్‌మన్, ఇంకా పెయింటు వేసేవాళ్ళు ఇద్దరు. నేను జేబులోంచి కాగితం తీస్తున్నా, నాన్న చెయ్యి చాపి తీసుకున్నాడు. పెన్ను కూడా అడిగాడు. ముసల్దాని మూత మీద కాగితం పెట్టి, నాలుక కొంచెం బయటపెట్టి, ఒక్కో అక్షరం దిద్దినట్టు రాశాడు. డ్రైవర్ గడిలో నా పేరు. హెల్పర్ గడిలో తన పేరు.

"అదేంటయ్యా?" అన్నాడు సూపర్‌వైజర్.

నాన్న ఆయన మూతి వైపే చూస్తున్నాడు. "కాలు సార్. క్లచ్చు తొక్కితే లాగుతోంది. వాడికి వచ్చేసింది పని. నాకంటే నయం."

"మళ్ళీ కాలు బాగయ్యాక అడిగితే కష్టం మరి."

"అడగను సార్."

సూపర్‌వైజర్ నన్ను చూశాడు. నేను కాగితం వైపు చూస్తున్నా. నాన్న రాత అంత గుండ్రంగా ఉంటుందని తెలీదు. నా పేరు నేను రాసినా అంత బాగుండదు.

"సరే, నీ ఇష్టం. హెల్పర్‌గా ఎన్నాళ్ళుంటావో నేను మాటివ్వలేను" అన్నాడు ఆయన. నాన్న కాగితం ఆయన చేతిలో పెట్టి, పానా తీసుకుని మిషన్ పక్కన కింద కూర్చున్నాడు. విరిగిన కాలు ముందుకి చాపి కూర్చున్నాడు, మడవడానికి రాక.

సీటు బోల్టులు విప్పుతున్నాడు. ఆ సీటు పదహారేళ్ళుగా నాన్న కాళ్ళకి సరిపోయే చోటే ఉంది. తుప్పు పట్టింది. పెయింటు వాళ్ళలో ఒకడు సాయం చెయ్యనా అంటే నాన్న పలకలేదు. వాడు నా వైపు చూసి భుజాలెగరేశాడు. చివరికి వదులైంది. నాన్న సీటుని ముందుకి తోశాడు. కింది పట్టీకి బోల్టు చిల్లులుంటాయి, మూడు చిల్లులు ముందుకి. నట్లు వేసి, బలమంతా పెట్టి బిగించాడు, ఇంక ఎవరూ విప్పక్కర్లేదన్నట్టు. ఒంటి మీంచి చెమట కారుతోంది. లేచి సీటు మీద అరచేత్తో కొట్టి నాకేసి చూశాడు.

ఎక్కి కూర్చున్నా. మోకాళ్ళు స్టీరింగుకి తగులుతున్నాయి. నాకు రెండు చిల్లులు చాలు.

నాన్న అప్పటికే అటు తిరిగి పానా తుడుచుకుంటున్నాడు. నేను ఎక్కగానే తాళం తిప్పేశా, ఇంజన్ ఆన్‌లో ఉంది. చెప్పాలంటే మంగళవారం అరిచినట్టు అరవాలి, సూపర్‌వైజర్ ఇంకా అక్కడే ఉన్నాడు, కాగితం మడతపెడుతూ. చెప్పకపోతే రోజూ మోకాళ్ళు తగులుతూనే ఉంటాయి.

గేరు వేసి ముందుకి పోనిచ్చా. బండి కీచుమనకుండా కదిలింది.

నువ్వైతే చెప్తావా?